కాగితం ఎవరి చేతిలో ఉంది?
(గల్ఫ్ వలస: చట్టం అమలు, సంస్కరణ – స్మారకోపన్యాసం)



ఆహ్వాన పత్రిక మీద సారు పూర్తి పేరు అచ్చు వేశారు. మన ఊళ్లో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. సారు అంటే ఆయనే. ఈ సాయంత్రం నేనూ అలాగే పిలుస్తాను.

సారు మాకు సాంఘికశాస్త్రం చెప్పారు. బడి వదిలాక ఆయన ఇంటి అరుగు ఇంకో బడి అయ్యేది. పాస్‌పోర్టు ఫారం నింపించుకోవడానికి, దుబాయి నుంచి వచ్చిన ఉత్తరం చదివించుకోవడానికి జనం వచ్చి కూర్చునేవారు. ఉత్తరం రాయడం రాని మగవాళ్లు క్యాసెట్‌లో మాటలు నింపి పంపేవారు. ఇంట్లో టేపురికార్డరు లేని ఆడవాళ్లు ఆ క్యాసెట్‌ను కొంగున కట్టుకుని సారు ఇంటికి వచ్చేవారు. సారు మీట నొక్కి, వెంటనే లేచి వాకిట్లోకి వెళ్లిపోయేవారు. అవి భార్యాభర్తల మాటలు, మనం వినకూడదు అనేవారు. క్యాసెట్ అయిపోయిందని లోపలి నుంచి పిలిచేదాకా ఎండలోనైనా సరే అక్కడే నిలబడేవారు.

ఆయన దగ్గర ఎర్ర గుడ్డ అట్ట వేసిన బారు పుస్తకం ఒకటి ఉండేది. ఈ రోజు కుటుంబ సభ్యులు దాన్ని తెచ్చి ఈ బల్ల మీద పెట్టారు. ఊరి నుంచి గల్ఫ్ పోయిన ప్రతి మనిషికీ అందులో ఒక వరుస ఉంది. పేరు, తండ్రి పేరు, పోయిన తేదీ, ఏజెంటుకు ఇచ్చిన పైసలు, అక్కడి యజమాని. చివరి గడి మీద సారు ఇలా రాసుకున్నారు: ‘పాస్‌పోర్టు ఎవరి దగ్గర?’ పోయినవాడు ఎప్పుడు ఫోను చేసినా సారు మొదట అడిగేది అదే. తిన్నావా అనే ప్రశ్న తరువాత వచ్చేది.

నేను ఇరవై ఏళ్లకు పైగా కార్మిక చట్టాలు చదివి, చెప్పి బతుకుతున్నవాణ్ని. వలస చట్టాల మీద ప్రపంచమంతా నడుస్తున్న చర్చను ఈ చివరి గడి ఎంత సూటిగా పట్టుకుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చట్టాన్ని కఠినంగా అమలు చేయాలని ఒకరు, మానవత్వంతో సంస్కరించాలని ఇంకొకరు వాదిస్తారు. సారు ప్రశ్న ఆ రెండు వాదాలకంటే ముందు నిలబడుతుంది. ఉండే హక్కు ఇచ్చే కాగితం ఉండేవాడి చేతిలో ఉందా, ఇంకొకరి గుప్పిట్లో ఉందా? ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నే. మెట్టు మెట్టుగా చెబుతాను.

1. మనిషి ‘ఖల్లివల్లి’ ఎలా అవుతాడు

ఖల్లివల్లి అంటే ఏమిటో వెనక వరుసల్లో కూర్చున్న అన్నలకు నేను చెప్పనక్కర్లేదు. పట్నం నుంచి వచ్చిన మిత్రుల కోసం చెబుతున్నాను. పోనీ, వదిలెయ్ అని గల్ఫ్ అరబ్బీలో వాడే మాట అది. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో దానికి అర్థం వేరు. కాగితాలు లేకుండా పరాయి దేశంలో దాక్కుని పని చేసుకునేవాడు ఖల్లివల్లి.

మా బావ 2009లో తోట పని అని చెబితే సౌదీ పోయాడు. విమానం దిగగానే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు తీసుకున్నాడు. తోట లేదు. ఎడారిలో ఒక గుడారం, గొర్ల మంద, వారానికోసారి నీళ్ల ట్యాంకరు. ఏడు నెలలు జీతం లేదు. ఒక రాత్రి రోడ్డు లైట్లు కనిపించే దిక్కుకు నడిచాడు. తెల్లారేసరికి ఒక లారీ ఎక్కించుకుంది. ఆ తరువాత కఫీల్ అతని మీద ‘హురూబ్’ పెట్టాడు, అంటే పారిపోయాడని ఫిర్యాదు. దాంతో అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, చెల్లకుండా పోయింది.

“నేనేం దొంగతనం చెయ్యలే బామ్మర్దీ. ఒక్క రాత్రి నడిచిన. ఆ రాత్రే దొంగనైన” అన్నాడు బావ, ఇంటికి వచ్చాక.

ఈ వరుసను ఒకసారి నిదానంగా చూడండి. బావ సరిహద్దు దొంగతనంగా దాటలేదు. వీసాతో పోయాడు, ముద్ర వేయించుకుని అడుగుపెట్టాడు. జీతం ఎగ్గొట్టింది యజమాని. పాస్‌పోర్టు దాచిందీ యజమానే. చట్టం దృష్టిలో తప్పు చేసినవాడు మాత్రం నడిచిపోయినవాడు. కఫాలా పద్ధతి పని చేసే తీరు ఇదే. కార్మికుడు దేశంలో ఉండే హక్కు ఒక్క యజమాని పేరుకు ముడిపడి ఉంటుంది. యజమానిని వదిలితే కొలువుతో పాటు నిలువనీడా పోతుంది. కొలువు గొడవ అలా పోలీసు కేసుగా మారిపోతుంది.

2. ఇది పాత ఓడలోనే వచ్చింది

ఇదంతా చమురుతో పాటు పుట్టుకొచ్చిందని మనం అనుకుంటాం. దాని వేళ్లు ఇంకా లోతుకు పోయాయి.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. నేటాల్ చెరకు తోటల్లో ఒప్పంద కూలీకి పోయిన మొదటి భారతీయులు వాళ్లు. ఆ ఒప్పందంలోని అసలు కిటుకు జీతంలో లేదు. మామూలు నౌకరు చెప్పకుండా పని మానేస్తే యజమాని సివిల్ కోర్టుకు పోవాలి. ఒప్పంద కూలీ మానేస్తే అది క్రిమినల్ నేరం, జైలు.

గాంధీ నేటాల్‌లో వకీలుగా ఉన్న తొలి రోజుల్లో బాలసుందరం అనే తమిళ కూలీ ఆయన దగ్గరికి వచ్చాడు. యజమాని కొట్టిన దెబ్బకు ముందు పళ్లు రెండు విరిగి, నోటి నుంచి నెత్తురు కారుతోంది. గాంధీ తన ఆత్మకథలో ఈ సంగతి రాస్తూ మామూలు నౌకరుకూ ఒప్పంద కూలీకీ చట్టం చూపే తేడాను కూడా వివరించారు. యజమానికి శిక్ష పడాలని ఆయన పట్టుబట్టలేదు. ఆ మనిషిని అక్కడి నుంచి విడిపించి ఇంకో యజమాని దగ్గరికి మార్పించారు. జబ్బు ఎక్కడుందో ఆయనకు తెలుసు. కొట్టినవాడికి జరిమానా పడినా, దెబ్బలు తిన్నవాడు మళ్లీ ఆ ఇంటికే పోవాలి కదా!

ఆ రోజుల్లో కూలీల మంచిచెడ్డలు చూడడానికి పెట్టిన అధికారి పేరు ప్రొటెక్టర్. ఈ రోజు హైదరాబాద్‌లో గల్ఫ్ పోయే మన కార్మికుడికి అనుమతి ఇచ్చే అధికారి హోదా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. నూరేళ్లు దాటినా ఆ మాట మారలేదు.

3. దాడులు, క్షమాభిక్షలు

ఇప్పుడు అవతలి పక్షం మాట వినాలి. సారు మాకు నేర్పిన చర్చా పద్ధతి అది.

ప్రతి దేశానికీ తన గడ్డ మీద ఎవరుండాలో చెప్పే హక్కు ఉంది. యూఏఈ, ఖతార్, కువైట్‌లలో సొంత పౌరులే అల్పసంఖ్యాకులు. లెక్కలో లేని మనుషులు పెరుగుతుంటే వాళ్లకు భయం కలగడం సహజం. కాబట్టి తనిఖీలు, దాడులు, జరిమానాలు. వీసా గడువు దాటితే యూఏఈలో ఇప్పుడు రోజుకు 50 దిర్హాములు. ఏడాదికి 18,250. నెలకు వెయ్యి దిర్హాములు తెచ్చుకునే కూలీకి అది ఏడాదిన్నర జీతం. ఇంత కఠినంగా ఉంటే తప్పు చేయడానికి ఎవరైనా జంకుతారు కదా అన్నది వాళ్ల తర్కం.

మరి జరిగిందేమిటి? యూఏఈ 1996లో కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. ఆ తరువాత 2003లో, 2007లో, 2012 చివర్లో, 2018లో, 2024లో మళ్లీ మళ్లీ ప్రకటించింది. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. సౌదీ 2013లో, 2017లో ఇచ్చింది. మన పల్లెల్లో ‘ఆమ్నెస్టీ పెట్టిండ్రట’ అన్న మాట వర్షం కబురులా వినిపిస్తుంది. ఒకసారి ఊడ్చిన వాకిలి కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ ఊడ్వవలసి వస్తోందంటే, చెత్త ఎక్కడి నుంచి పడుతోందో తలెత్తి చూడాలి.

2013 సౌదీ అనుభవం అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. ఆ ఏడాది ఇచ్చిన గడువులో లక్షకు పైగా భారతీయులు తిరిగి వచ్చారు. మా బావ వాళ్లలో ఒకడు. వేలిముద్రలు వేయించి, ఫొటో అంటించిన ఒంటి కాగితం చేతిలో పెట్టారు. దాన్నే మనవాళ్లు అవుట్‌పాస్ అంటారు. ఆ కాగితాన్ని బావ ఇప్పటికీ ఇనుప పెట్టెలో పట్టా పాసుపుస్తకం కింద దాచుకున్నాడు. నాలుగేళ్లలో తన చేతికి వచ్చిన మొదటి కాగితం అదే అంటాడు. అయితే వచ్చినవాళ్లకంటే ఎన్నో రెట్ల మంది భారతీయులు అదే గడువులో అక్కడే యజమానిని మార్చుకుని, వృత్తి సరిచేయించుకుని చట్టబద్ధులయ్యారు.

ఆలోచించండి. వాళ్లలో ఏం మారింది? అదే తాపీ, అదే ఎండ, అదే మనిషి. నిన్న నేరస్థుడు, ఈ రోజు కార్మికుడు. కొత్త యజమాని పేరు రాయించుకునే వీలు దొరికింది, అంతే. ఆ వీలు మూడు వందల అరవై అయిదు రోజులూ ఉండి ఉంటే వాళ్లలో చాలామంది నేరస్థులు అయ్యేవాళ్లే కారు. సంస్కరణ అవసరమని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

4. ఆజాద్ వీసా బజారు

కాగితం ఇంకొకరి గుప్పిట్లో ఉంటే ఆ గుప్పిటకు వెల పలుకుతుంది. ఆజాద్ వీసా పుట్టింది అక్కడే.

పేరులో ఆజాదీ ఉంది, లోపల లేదు. కఫీల్ తన దగ్గర పని లేకపోయినా వీసా అమ్ముతాడు. కొన్నవాడు బయట ఎక్కడో పని వెతుక్కుంటాడు. అకామా కొత్తది చేయించినప్పుడల్లా కఫీల్‌కు ముడుపు కట్టాలి. చట్టం ప్రకారం ఇది మొదటి రోజు నుంచే తప్పు. మన దగ్గర ఏజెంటు మాత్రం దీన్ని ‘ఎక్కడైనా చేసుకోవచ్చు’ అని ఎక్కువ ధరకు అమ్ముతాడు. ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఆ వీసాలోకి పోతుంది.

తనిఖీ జరిగిన రోజు పట్టుబడేది ఎవరు? నిర్మాణం దగ్గర హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డవాడు. వీసా అమ్మినవాడు అక్కడ ఉండడు. కువైట్ ప్రభుత్వం వీసా వ్యాపారుల మీద కేసులు పెట్టిన సందర్భాలున్నాయి, అది మెచ్చుకోవలసిందే. కాని మొత్తం మీద అమలు భారం కొన్నవాడి మీదే పడుతోంది. కఠినమైన అమలుకు నేను వ్యతిరేకిని కాను. జీతం ఎగ్గొట్టినవాడి మీద, వీసా అమ్మినవాడి మీద, పాస్‌పోర్టు దాచినవాడి మీద ఎంత కఠినంగా అమలు చేసినా నేను చప్పట్లు కొడతాను. ముందు అమలు ఎవరి మీద అన్నది తేలాలి.

5. అక్కడ వచ్చిన మార్పులు

గల్ఫ్‌లో ఏమీ మారలేదని ఇక్కడ కూర్చుని అనడం అన్యాయం. బహ్రెయిన్ 2009లోనే యజమాని మార్పును కొంత సులువు చేసింది. 2017లో కార్మికుడు తనకు తానే రుసుము కట్టుకుని స్పాన్సర్ లేకుండా పని చేసుకునే అనుమతిని తెచ్చింది. 2022లో దాన్ని ఎత్తేసి వేరే పద్ధతి పెట్టింది. ఖతార్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల ముందు లోకం కళ్లన్నీ అటే ఉన్నాయి. 2018 నుంచి 2020 లోపు చాలామందికి దేశం వదలడానికి యజమాని అనుమతి అక్కర్లేకుండా చేశారు. 2020లో ఉద్యోగం మారడానికి యజమాని ఒప్పుకోలు పత్రం తీసేశారు. 2021 మార్చి నుంచి అందరికీ నెలకు కనీసం వెయ్యి రియాళ్ల జీతం అన్నారు. సౌదీ 2021 మార్చిలో ఏడాది పని చేసినవాడు కొలువు మారే వీలు కల్పించింది.

ఇవి చిన్న మార్పులు కావు. ఒక్కొక్కటీ కాగితాన్ని కఫీల్ గుప్పిట నుంచి ఒక్కో వేలు విప్పి తీసినట్టు.

కాని రెండు లొసుగులు మిగిలాయి. అకామా కొత్తది చేయించే బాధ్యత ఇంకా యజమానిదే. వాడు చేయించకపోతే తప్పు కార్మికుడికి చుట్టుకుంటుంది. పారిపోయాడనే ఫిర్యాదు అనే ఆయుధం చాలాచోట్ల వాడి దగ్గరే ఉంది. రెండోది ఇంకా బాధాకరం. సౌదీ 2021 సంస్కరణ ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, పశువుల కాపరులకు వర్తించలేదు. అంటే మా బావ మళ్లీ అదే గుడారానికి పోతే ఆ సంస్కరణ అతని దాకా రాదు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలోకి పోయిన వేల మంది తల్లుల సంగతి చూడండి. కువైట్ 2015 చట్టం వాళ్లకు వారానికో సెలవు, పని గంటలకు ఒక హద్దు రాసిపెట్టింది. నాలుగు గోడల లోపల ఆ చట్టం చదివి వినిపించేవాళ్లెవరు? గేటు దాటి బయటికి వస్తే ఆమె మళ్లీ పారిపోయిన మనిషే.

6. అమెరికాలో ఉన్న మన పిల్లలు

ఈ సభలో పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తల్లిదండ్రులూ ఉన్నారు. ఇది కూలీల కథ, మనది కాదు అనుకోకండి.

హెచ్‌-1బీ మీద ఉన్న ఇంజినీరుకు ఉద్యోగం పోతే అమెరికా ఇచ్చే గడువు 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ అతని పేరున దరఖాస్తు పెట్టాలి, లేదా ఇంకేదైనా హోదాకు మారాలి. లేదంటే ఇల్లు, పిల్లల బడి వదిలి విమానం ఎక్కాలి. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల భారతీయుల వరుస పదేళ్లు, ఇరవై ఏళ్లు దాటి పోతోంది. ఆ వరుసలో నిలబడ్డవాడు జీతం తక్కువైనా, అవమానం జరిగినా గట్టిగా మాట్లాడడానికి వెనకాడతాడు. అతని పాస్‌పోర్టు అతని జేబులోనే ఉంది, కోర్టులున్నాయి, కంపెనీ మారే దారి ఉంది. గొర్ల కాపరి కష్టంతో దాన్ని సమానం చేయడం పాపం. అయినా సారు ప్రశ్న అక్కడా పని చేస్తుంది. ఉండే హక్కు ఎంతగా యజమానికి ముడిపడితే మనిషి గొంతు అంతగా తగ్గుతుంది.

7. మన ఇంటి సంగతి

చివరి మెట్టుకు వచ్చాను. పరాయి దేశాన్ని అడిగే ముందు మన చట్టాన్ని అదే ప్రశ్న అడగాలి.

మన వలస చట్టం 1983 నాటిది. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ అనుమతి కావాలి. ఉద్దేశం రక్షణే. ఇంటి పనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న నియమం ఉద్దేశమూ అదే. కాని ఆపడమే కాపాడడం అనుకుంటే ఏమవుతుంది? అనుమతి కష్టమైన చోట ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెడతాడు. విజిట్ వీసాకు ఆ అనుమతి అక్కర్లేదు. పోయినవాడు ఏ రిజిస్టరులోనూ ఉండడు. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా అతనికి ఉండదు. దాని ప్రీమియం మూడేళ్లకు కలిపి 375 రూపాయలు! శంషాబాద్ విమానాశ్రయం కార్గో గేటు దగ్గర అంబులెన్సు పెట్టుకుని శవపేటిక కోసం ఎదురుచూసిన కుటుంబాలు ఈ సభలో ఉన్నాయి. వాళ్ల ముందు నిలబడి ఈ లెక్క చెప్పడం నాకు కష్టంగా ఉంది. అయినా చెప్పాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు అయిదు లక్షల సాయం ప్రకటించింది. అది కావలసిందే. అయితే అది మనిషి పోయాక చేసే సాయం. 1983 చట్టం స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం 2021లో ఒక ముసాయిదా, 2025 అక్టోబరులో ఇంకో ముసాయిదా ప్రజల ముందు పెట్టింది. వీటి మీద ఢిల్లీలో మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. జగిత్యాల నుంచి మనమూ మాట్లాడాలి. నేను నాలుగు కోర్కెలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 పాస్‌పోర్టుల చట్టమే చెబుతోంది. దాన్ని కఫీల్ దాచుకుంటే అది మన ప్రభుత్వ ఆస్తిని దాచుకోవడమే. ప్రతి ఒప్పందంలో, ప్రతి చర్చలో మన రాయబారులు ఆ మాటే మొదట ఎత్తాలి. రెండోది, పని ఒప్పందం తెలుగులో, పోయేవాడి చేతికి, విమానం ఎక్కకముందే అందాలి. ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోకూడదన్న నియమం ఉంది. దానికి రసీదు కచ్చితంగా ఇప్పించాలి. మూడోది, ఏ వీసా మీద పోయినా పేరు నమోదు చేసుకునే దారి, బీమా కట్టే దారి తెరిచి ఉంచాలి. అడ్డుగోడ కట్టడంకంటే లెక్కలోకి తెచ్చుకోవడం మేలు. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. జీతం ఎగ్గొట్టిన యజమానిని వదిలి రావడం నేరం కాకూడదని, ఫిర్యాదు చేసిన కార్మికుడికి కొత్త కొలువు వెతుక్కునే గడువు ఉండాలని, అందులో ఇంటి పనివాళ్లనూ కాపరులనూ చేర్చాలని గల్ఫ్ ప్రభుత్వాలతో రాతపూర్వకంగా ఒప్పించాలి.

అధ్యక్షా, నాకిచ్చిన సమయం దగ్గర పడింది. ఒక్క మాటతో ముగిస్తాను.

నిన్న రాత్రి ఈ ఎర్ర పుస్తకం పేజీలన్నీ తిప్పాను. చివరి గడిలో వరుస వెంట వరుస ‘కఫీల్ దగ్గర’, ‘కఫీల్ దగ్గర’, ‘కంపెనీ దగ్గర’. మా బావ వరుసలో కూడా మొదట అదే ఉంది. 2013లో సారు దాన్ని కొట్టేసి, పక్కన నీలం సిరాతో రాశారు: ‘అవుట్‌పాస్ చేతికి వచ్చింది. ఇంటికి వచ్చాడు.’ అలా కొట్టేసి రాసిన వరుసలు పుస్తకం మొత్తంలో కొన్నే ఉన్నాయి. చివర్లో పేజీలు ఖాళీగా మిగిలాయి. సారు కుటుంబం ఈ పుస్తకాన్ని పాఠశాల గ్రంథాలయానికి ఇస్తోంది. మీ ఇంటి నుంచి ఎవరైనా అక్కడ ఉంటే సభ అయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. పేరు రాద్దాం. ఈ రాత్రి వాళ్లకు ఫోను చేసినప్పుడు సారు అడిగిన ప్రశ్నే ముందు అడగండి. వచ్చిన జవాబు రేపొచ్చి చివరి గడిలో రాయండి.